నాయన కారులో మూడు రాడార్ పెట్టెలు

ఆ రోజుల్లో ఇంట్లో ఒకరు ఎలక్ట్రానిక్స్ చదివారంటే చాలు, కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకూ వాళ్లే జవాబుదారీ. మిక్సీలోంచి పొగ వచ్చినా పిలుపు నాకే, టీవీలో మనిషి పక్కన ఇంకో మనిషి నీడ కనబడినా పిలుపు నాకే, చివరికి కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పమని కూడా నన్నే అడిగేవాళ్లు. హిందూపురంలో మూడేళ్లు పాలిటెక్నిక్ చదివి డిప్లొమా తెచ్చుకున్నదాన్ని కదా, తెలియదంటే పరువు పోతుందని నేను కూడా అన్నిటికీ ఏదో ఒకటి చెప్పేదాన్ని. (తెలియదు అనే మాట ఎంత సుఖమైనదో ముప్పై దాటాక గాని నాకు తెలిసిరాలేదు.) ఒకసారి టీవీ రిమోటు విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. బాగానే పనిచేసింది గాని రెండు స్క్రూలు మిగిలిపోయాయి. నాయన ఆ రెండింటినీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "కంపెనీవాడు తెలీక ఎక్కువ పెట్టినాడేమోలే" అని మాత్రం అన్నాడు. ఆ తరువాత మా ఇంటికి ఎవరొచ్చినా నా డిప్లొమా సంగతి కంటే ముందు ఆ స్క్రూల సంగతి చెప్పేవాడు.

మా నాయనకు ధర్మవరంలో పట్టుచీరల అంగడి. తాత మగ్గం నేసినవాడు. నాయన కూడా పెళ్లయ్యేదాకా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడే, ఆ తరువాత నేసేవాళ్ల దగ్గర చీరలు తీసుకుని అమ్మడం మొదలుపెట్టాడు. చీర విషయంలో ఆయన ఒక మాటంటే ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. చీర తప్ప ఆయనకు ఇంకేదీ తెలియదని నా అభిప్రాయం. నాకు అసలు ఏదీ తెలియదని ఆయన అభిప్రాయం. ఇలా ఇద్దరం హాయిగా ఉన్న కాలంలో బెంగుళూరు నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. కరెంటు మీటర్లు తయారుచేసే చిన్న కంపెనీ వాళ్లు, వచ్చే నెల మొదటి సోమవారం పది గంటలకు వచ్చి ఉద్యోగంలో చేరమన్నారు. మా ఇంటి ఆడవాళ్లలో అప్పటిదాకా ఎవరికీ జీతం ఇస్తామంటూ ఉత్తరం రాలేదు. అమ్మ దాన్ని దేవుడి పటం ముందు పెట్టింది. అవ్వ (నాయన తల్లి, మనిషికి ఎనభై ఏళ్లు, చెవులకు మాత్రం ఇరవై) రెండుసార్లు చదివించుకుని వింది. నాయన మాత్రం "చూద్దాంలే" అన్నాడు. చీర నచ్చనివాళ్లు అంగట్లోంచి లేచిపోయే ముందు అనే మాట అది. 

సరిగ్గా ఆ సమయంలోనే నాయనకు ఇంకొక తలనొప్పి ఉండింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది, బెంగుళూరు నుంచి ఒక సెకండ్ హ్యాండ్ తెల్లకారు కొన్నాడు. మగ్గం మీద ఒక్కొక్క పోగూ ఓర్పుగా వేసిన మనిషి స్టీరింగు ముందు కూర్చునేసరికి ఎవరో వేరే మనిషి అయిపోయేవాడు. అడిగితే "పెండ్లిచీరలు మ్మే, ముహూర్తం మనకోసరం నిలబడుకోనుంటాదా?" అనేవాడు. చీరల మాట వంక మాత్రమేనని, ఆయనకు ఊరికే వేగంగా పోవడం ఇష్టమని ఇంటిల్లిపాదికీ తెలుసు. పెనుకొండ దగ్గర హైవే పోలీసులు కొత్తగా స్పీడు గన్ పెట్టి కాచుకున్నారు, నెలలో రెండుసార్లు నాయన వాళ్లకు చిక్కాడు. జరిమానాకు ఆయన బాధపడలేదు. రెండోసారి కారులో పెండ్లికూతురి తరఫువాళ్లు ఉన్నారు. వాళ్ల ముందరే లారీ డ్రైవర్ల వెనకాల వరుసలో నిలబెట్టారట. పైగా అదే సమయానికి మా వీధి మనిషొకడు బస్సు కిటికీలోంచి చూసి, మర్యాదగా నమస్కారం కూడా పెట్టి, ఊరంతా చెప్పేశాడు. ఆ నమస్కారం నాయన్ను నెలరోజులు నిద్రపోనివ్వలేదు.

మెల్లగా తోలితే సరిపోతుంది కదా అని అమ్మ అంది. ఆ ఒక్క ఉపాయం తప్ప మిగతావన్నీ నాయన ఆలోచించాడు. చివరికి హిందూపురంలో టేపురికార్డర్లు, టీవీలు అమ్మే ఆయన స్నేహితుడు ఒకాయన (మాకు రేడియో మామ) ఒక సంగతి చెప్పాడు. కారు అద్దం దగ్గర పెట్టుకునే చిన్న పెట్టె ఒకటుంటుందట, రాడార్ డిటెక్టర్ అంటారట, ముందెక్కడో పోలీసువాడు గన్ పట్టుకుని నిలబడి ఉంటే ఆ గన్ను పంపే తరంగాలు వాసన పట్టి కుయ్యోమని అరుస్తుందట. అందులో చాలా రకాలున్నాయి, ఏది మంచిదో తనకూ తెలియదు, తెలిసినవాళ్లతో ఏరించుకోమన్నాడు. ఆ రోజు సాయంత్రం నాయన భోజనం దగ్గర నన్ను పిలిచాడు.

"పాపా, ఈ రాడారు సంగతి నీ చదువులో ఉండాదా?"

"ఉండాది నాయనా. పెద్ద పాఠమే ఉండాది."

ఉన్నమాట నిజమే. నేను చదివానా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"అట్లయితే నువ్వే ఏరిపెట్టు. నువ్వు ఏరింది సరిగ్గా ఉన్నిందంటే నీకు చదువొచ్చిందని ఒప్పుకుంటా, బెంగుళూరుకు పో. లేదంటే ఆ ఉత్తరం పక్కన పెట్టేసి అంగట్లో కూసో, చీరలన్నా నేర్చుకుందువు."

అవ్వ విస్తరి ముందు నుంచే "ఒరే, బిడ్డ బతుక్కి పందెం కడతావేమిరా?" అని అరిచింది. నేను మాత్రం సరేనన్నాను. ఇరవై ఒక్క ఏళ్లు, పెట్టెల్లో ఒకటి ఏరడం ఎంతపని అనుకున్నాను.

మరుసటి రోజే హిందూపురం పోయాం. రేడియో మామ మూడు పెట్టెలు తెప్పించి పెట్టాడు. ఒకటి చిన్నది, నల్లది, పచ్చ లైటుది. ఒకటి చేతికి బరువుగా ఉంది. ఇంకొకటి పైకి పొడుచుకొచ్చిన ఎర్ర ముక్కుతో ఉంది. నేను వాటి కాగితాలు తీసి, తల ఊపుతూ, పెదవులు కదిలిస్తూ చదివాను. (జపానువాడు రాసిన ఇంగ్లీషు. నాకు అర్థమైంది 'తడి తగలనివ్వరాదు' అన్న ముక్క ఒక్కటే.) నాయన చీర చూసే పద్ధతిలోనే చూశాడు. చేతిలో తూచాడు, తిరగేసి వెనకవైపు చూశాడు, గోటితో గీకాడు, వాసన కూడా చూశాడు. చూసి, "మూడూ ఇంటికి తీసుకపోతాం. నచ్చింది పెట్టుకుని మిగిలినవి ఎనక్కిస్తాం" అన్నాడు.

రేడియో మామ అదిరిపడ్డాడు. "ఏమప్పా నువ్వు! ఇవి చీరలా? డబ్బా పగలగొడితే నేను యారికి అమ్మల్ల?"

"మీ ఇంట్లో ఆడోళ్లు పోయిన నెల నా అంగట్లోనుంచి పదైదు చీరలు తీసుకపోయి వారం దినాలు పెట్టుకోలేదా? ఒగటి ఉంచుకుని పద్నాలుగు పంపించిరి. నేనేమన్నా అంటినా?"

మా వ్యాపారంలో అది మామూలే. పెళ్లిచీర ఎవరూ అంగట్లో నిలబడి తేల్చుకోరు. మూట కట్టి ఇంటికి పంపిస్తాం, వాళ్లు అందరికీ చూపించుకుని, ఒకటి ఉంచుకుని మిగిలినవి తిప్పి పంపుతారు. రేడియో మామ "మీ పాప ఎలక్ట్రానిక్స్ చదివుండాది గదా అని ఇస్తాండా, జోపానం" అని మూడూ పాత టవల్లో చుట్టి ఇచ్చాడు. శనివారం తెచ్చి ఇస్తామని చెప్పి వచ్చేశాం.

నేను ఒక్కొక్క రోజు ఒక్కొక్కటి పెట్టి చూద్దామన్నాను. నాయన ఒప్పుకోలేదు. "పక్కపక్కన పరిస్తేనే గదా మ్మే తేడా తెలిసేది? ఈపొద్దు ఒగ చీర, రేపు ఒగ చీర చూపిస్తే యారికన్నా రంగు కనిపిస్తాదా?" అన్నాడు. అది నాకు కూడా న్యాయంగానే తోచింది. మరి కారులో కరెంటు తీసుకోవడానికి సిగరెట్టు వెలిగించుకునే రంధ్రం ఒక్కటే, పెట్టెలు మూడు. అక్కడే నా చదువు పనికొచ్చింది. ఒక తీగను మూడుగా చీల్చి, టంకం పెట్టి, టేపు చుట్టి, మూడింటికీ ఒకేసారి కరెంటు వచ్చేలా చేశాను. మూడేళ్ల డిప్లొమాలో నేను నిజంగా నేర్చుకున్నది టంకం పెట్టడమేనని నా గర్వం. ఆ గర్వం ఏమైందో ముందుముందు చెబుతాను.

శనివారం పొద్దున టిఫిను తిని బయల్దేరాం. వెనక సీట్లో చీరల మూట, దాని పక్కన అవ్వ. (హిందూపురంలో చెల్లెల్ని చూడాలని అంది. అసలు సంగతి, పెట్టెలు ఎట్లా అరుస్తాయో చూడాలని.) నాయన తాళం తిప్పాడో లేదో మూడు పెట్టెలూ ఒక్కసారిగా గోల పెట్టాయి. ఎర్ర ముక్కుది కొక్కొక్కో అన్నట్టు, చిన్నది బెకబెకమని, బరువైనది పళ్లు కొరికినట్టు ఒకే తీరుగా. అవ్వ అప్పటికప్పుడే పేర్లు పెట్టేసింది, కోడి, కప్ప, ఇటిక. "ఇంట్లోనుంచి బయటికే రాలేదు, ఈడ యాడ పోలీసోళ్లు?" అని నాయన చుట్టూ చూశాడు. మా ఎదురింట్లో రిటైరైన హెడ్ కానిస్టేబులు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. నాయన ముఖం వెలిగిపోయింది. "రిటైరై నాలుగేండ్లయింది! ఆయన్న కూడా పట్టిందే!" నేను కూడా సిగ్గులేకుండా, "పాత వైర్‌లెస్ సెట్టు ఏదన్నా ఇంట్లో పెట్టుకున్నాడేమో నాయనా" అన్నాను. పాపం ఆ పెద్దాయన మాకు చెయ్యి ఊపాడు.

ఊరు దాటినా అరుపు ఆగలేదు. రైల్వే జంక్షను దగ్గర "సిగ్నళ్ల తరంగాలు" అన్నాను. కనగానపల్లి వైపు కొండల మీద గాలిమరలు కనబడితే "అంత పెద్ద రెక్కలు తిరుగుతుంటే తరంగాలు ఇటు కొట్టవా?" అన్నాను. హైవే ఎక్కాక చెప్పడానికి ఏమీ దొరక్క "ఇప్పుడు నిజమైన పోలీసులు" అన్నాను. నాయన నిజంగానే భయపడ్డాడు. ప్రతి తుమ్మచెట్టు వెనకా, ప్రతి కల్వర్టు కిందా ఆయనకు టోపీలే కనబడ్డాయి. అరవై నుంచి నలభైకి, నలభై నుంచి పాతికకు దిగాడు. వేరుశనగ మూటలేసుకున్న మోపెడ్ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. మూట మీద కూర్చున్న ఆమె వెనక్కి తిరిగి మరీ చూసింది. ఆర్టీసీ బస్సు పక్కకొచ్చి, కండక్టరు తల బయటపెట్టి "ఏమప్పా, కారు తోలుతాండావా, తోసుకోని పోతాండావా?" అన్నాడు. లోపల కోడి, కప్ప, ఇటిక మాత్రం ఊపిరి తీసుకోకుండా అరుస్తూనే ఉన్నాయి.

"మ్మే, మన జిల్లాలో ఇంత మంది పోలీసులుండారా?" అన్నాడు నాయన, చెమట తుడుచుకుంటూ.

"ఉన్నింటే మన కోళ్లు ఎందుకు పోతాయిరా?" అంది అవ్వ.

పెనుకొండ కొండ కనబడే వేళకు మా వెనక లారీలు బారు కట్టి హారన్లు కొడుతున్నాయి. సరిగ్గా నాయన రెండుసార్లు చిక్కిన చోటే, జీపు పక్కన నిలబడిన కుర్ర ఎస్సై ఒకాయన చెయ్యి చాచి మా కారు ఆపాడు. వేగంగా పోయినందుకు కాదు. "ఏమి పెద్దాయనా, బండి చెడిపోయిందా? ఎనక అర కిలోమీటరు లారీలు నిల్చిండాయి" అని అడిగాడు. అడుగుతూనే లోపలికి వంగి చూశాడు. "ఇవేందివి, అరుస్తాండాయి?"

"రేడియోలు సార్" అన్నాడు నాయన.

"మూడా?"

నాయన నావైపు చూశాడు.  అబద్ధం ఒక్కటీ నోటికి రాలేదు. (ఇంట్లో అంత ధారాళంగా వచ్చేవి.) ఉన్నదున్నట్టు చెప్పేశాను, మీ గన్ను ముందుగా కనిపెట్టే పెట్టెలని, మూడింటిలో ఒకటి ఏరడానికి తెచ్చామని. కోప్పడతాడనుకుంటే ఆయన ముఖంలో కోపం కంటే దిగులు ఎక్కువ కనబడింది. "ఇట్లాంటివి గూడా వచ్చినాయా? అందరూ పెట్టుకుంటే ఇంగ మా పని ఏమి కావల్ల?" అన్నాడు. అంతలో ఆయనకే ఏదో తోచి, "అవును గాని, నా గన్ను టీ తాగేకి పోతా ఆఫ్ చేసి డబ్బాలో పెట్టినా. ఇవి ఇప్పుడు యారిని చూసి అరుస్తాండాయి?" అన్నాడు.

అందరూ నన్నే చూశారు. నేను కోడి తీగ పీకేశాను. కప్ప, ఇటిక అరుస్తూనే ఉన్నాయి. ఇటిక తీగ పీకాను. కప్ప ఠక్కున ఆగిపోయింది. మళ్లీ ఇటిక పెట్టాను, రెండూ అరిచాయి. అప్పుడు నాకు, పరీక్షలకు ఛాయిస్ కింద వదిలేసిన ఆ పాఠం (పద్నాలుగు పేజీలు, పటాలతో సహా) కళ్ల ముందుకొచ్చింది. ఇలాంటి పెట్టె బయటి తరంగాన్ని పట్టుకోవడానికి తన లోపల తానే ఒక చిన్న తరంగం పుట్టించుకుంటుంది. అది కొంచెం బయటికి కారుతుంది. పక్కనున్న పెట్టె దాన్ని విని పోలీసనుకుంటుంది. ధర్మవరం నుంచి పెనుకొండ దాకా మేం ఒక్క పోలీసును కూడా చూడలేదు. మా పెట్టెలే ఒకదాన్ని చూసి ఒకటి బెదిరిపోయి అరిచాయి, వాటిని చూసి మేం బెదిరిపోయాం. పక్కపక్కన పరచకుండా ఉంటే ఈ బాధే లేదు. ఎదురింటి పెద్దాయనకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఎస్సైకి మాత్రం తన సందేహం తీరలేదు. ఒక్కొక్కటిగా పెడితే పట్టుకుంటాయా, లేదా? ఆయన జీపులోని కానిస్టేబుల్ని బండ్లు ఆపడానికి రోడ్డు మీద నిలబెట్టి, నాయనతో, "వెనక్కి పోయి తిప్పుకోని, మూడుసార్లు ఎనభైలో నా ముందర పో. నేను గన్ను కొడతా, మీ పాప చూసుకుంటాది" అన్నాడు. పోలీసువాళ్లే ఆపి, పోలీసువాళ్లే దారి ఖాళీ చేయించి, వేగంగా పొమ్మని చెప్పిన డ్రైవరు మా తాలూకాలో మా నాయన ఒక్కడే అయ్యుంటాడు. ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖం అయిపోయింది. "ఎనభయ్యేనా సార్?" అని అడిగాడు, కొంచెం ఆశగా. అవ్వను దిగి నీడలో కూర్చోమంటే "నేనెందుకు దిగల్ల?" అని చీరల మూటను గట్టిగా పట్టుకుంది.

మొదటి తూరి కోడి. ఎస్సై ముందునుంచి దూసుకుపోయాం, కోడి కిమ్మనలేదు. రెండో తూరి ఇటిక. అదీ పలకలేదు. మూడో తూరి కప్ప. అప్పటికి నాయనకు పూనకం వచ్చేసింది. కారు ఊగిపోతోంది, అవ్వ వెనకనుంచి "తోలరా, తోలు!" అంటోంది, నేను ఒక చేత్తో తలుపును, ఇంకో చేత్తో కప్ప తీగను పట్టుకున్నాను. ఎస్సైకి ఎదురుగా వచ్చేసరికి రోడ్డు అతుకు మీద కారు ఎగిరిపడింది, కప్ప "బెక్" మని ఒక్కసారి అరిచింది.

"పట్టింది!" అని నాయన కేక పెట్టాడు. బండి తిప్పుకుని వచ్చాం. ఎస్సై గన్ను చూసుకుంటూ, "ఎనభై అంటినే నేను! నూటపది పోయినావు" అన్నాడు. "మిషన్‌కు బాగా వినపడల్ల గదా సార్ అనీ..." అని నాయన నసిగాడు. అరిచిందని చెబితే ఎస్సై ముఖం వాడిపోయింది. గన్ను నా ముందుకు చాపి, "ఇంత ఖరీదు పెట్టి కొనిచ్చినారు, దీన్ని ఆ కప్ప పట్టేసిందా మ్మా?" అన్నాడు. గన్ను పక్కన చిన్న స్టిక్కరు ఉంది. లేజర్ అని రాసి ఉంది. అంటే అది తరంగాల గన్ను కాదు, లైటుతో కొలిచేది. మా పెట్టెలు దాన్ని ఏ జన్మలోనూ పట్టలేవు. మరి కప్ప ఎందుకరిచింది? ఆ సంగతి నా వేళ్లకు మాత్రమే తెలుసు. కారు ఎగిరినప్పుడు నేను పెట్టిన టంకం విడిపోయి తీగ ఊడి మళ్లీ తగిలింది. కరెంటు కొత్తగా తగిలినప్పుడల్లా కప్ప ఒకసారి బెక్‌మంటుంది, అంతే.

నేను నోరు తెరవలేదు. ఎస్సై దిగులుగానే మమ్మల్ని పంపించేశాడు. నాయన ఆనందం చెప్పనలవి కాదు. "మూడిట్లో కప్పే మనది. చూడు మ్మా, మన పాప ఎట్ల ఏరిందో!" అని అవ్వతో అంటున్నాడు. "ఎల్లుండి సోమవారానికి బట్టలు సర్దుకో పాపా" అని కూడా అనేశాడు. నేను కోరుకున్నది చేతికి వచ్చేసింది. ఉత్తరం నా సంచిలోనే ఉంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అద్దంలోంచి నా ముఖం చూసి అవ్వ ఏదో పసిగట్టింది, చెవి దగ్గరకు వంగి "ఏమున్నా నోరు మూసుకో మ్మే, ఊరు దాటినాంక చెప్దువులే" అంది. అవ్వ మాట వినాలనే అనుకున్నాను. కాని కప్పను నమ్ముకుని నాయన మళ్లీ నూటపదిలో పోతాడు, మళ్లీ పెండ్లివాళ్ల ముందర వరుసలో నిలబడతాడు. ఆయన అలా నిలబడి ఉన్నట్టు కళ్లకు కట్టింది. సోమందేపల్లి దాకా ఓర్చుకున్నాను, అక్కడ హిందూపురం దారికి తిరుగుతుంటే ఇంక నావల్ల కాలేదు.

"నాయనా, కప్ప పట్టలేదు. మూడూ పనికిరావు."

నాయన చెరుకురసం బండి పక్కన కారు ఆపాడు. నేను లేజరు సంగతి, టంకం సంగతి, చదవకుండా వదిలేసిన పాఠం సంగతి, గాలిమరల సంగతితో సహా అన్నీ చెప్పేశాను. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను కూడా. నాయన ఊడిన తీగను చేతిలోకి తీసుకుని, ఆనాడు స్క్రూలను చూసినట్టే చూశాడు.

"ఇది నీకొగదానికే తెలుసునా?"

"ఊఁ."

"నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేదా?"

"లేదు."

మూడు గ్లాసులు చెరుకురసం చెప్పాడు. తాగాం. మళ్లీ బయల్దేరాం. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. అంగట్లో కూర్చుని చీరలు మడతపెట్టే నన్ను నేనే ఊహించుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

రేడియో మామ అంగట్లో నాయన టవలు విప్పి మూడు పెట్టెలూ బల్ల మీద పెట్టాడు. "మూడూ తీసుకో."

"ఏమప్పా, ఒగటీ నచ్చల్యా? ఇంత మంచి సరుకు!"

"మా పాప వద్దనింది."

"చిన్నపిల్ల, ఆమెకేం తెలుసు?"

నాయన కుర్చీలో కూర్చున్నవాడు లేచాడు. "చూడప్పా, నా అంగట్లోనుంచి మూటలు మూటలు చీరలు పోతాయి. అందరూ ఏదో ఒగటి పెట్టుకుంటారు. మొగమాటానికి పెట్టుకుంటారు, పక్కింటామె బాగుందనిందని పెట్టుకుంటారు. యాన్నో ఒగామె మూట మూటంతా తిప్పి పంపిచ్చి, ఒగటీ బాగలేదు పో అంటాది. ఆమె మళ్లా అంగడికి వచ్చిందంటే నేను లేచి నిలబడతా. ఎందుకంటే ఆమెకు చీర తెలుసు. తెలిసి, చెప్పేకి భయపడదు." రేడియో మామ పెట్టెలు లోపల పెట్టుకున్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను, నా గురించేనా ఇదంతా అని నమ్మకం కుదరక.

మెట్లు దిగుతుంటే నాయన అడిగాడు. "సోమవారం ఎన్ని గంటలకు పోవల్ల ఆడికి?"

"పనిచేసే మిషన్ ఏరితేనే అంటివి గదా నాయనా?"

"ఏరమంటి. ఏరినావు. వద్దనేది గూడా ఏరడమే." ఆ తరువాత గొంతు తగ్గించి, "టంకం మాత్రం బాగా నేర్చుకో, ఆ కంపెనీవాళ్లు నా మాదిరి ఓర్చుకోరు" అన్నాడు. అవ్వ కారులోంచే "నేను చెప్పలా?" అని అరిచింది. ఆమె చెప్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం అని ఎవరమూ గుర్తుచేయలేదు.

సోమవారం పొద్దున నాయనే కారులో దిగబెడతానన్నాడు. పది గంటలకు ఆఫీసు. ఆయన తోలే తీరుకు తొమ్మిదికల్లా చేరిపోతాం, గేటు ముందు కూర్చోవాలి అనుకున్నాను. ఆ రోజు మా నాయన నలభై దాటలేదు. పెనుకొండ పోయింది, కర్ణాటక వచ్చింది, బాగేపల్లి వచ్చింది, ముల్లు నలభై దగ్గరే ఉంది. ఆకలి లేదంటే వినకుండా హోటల్ దగ్గర ఆపి ఇడ్లీ తినిపించాడు, మళ్లీ ఇంకో ఊళ్లో కాఫీకి ఆపాడు. నేను గడియారం చూసుకుంటూ, "ఏం నాయనా, ఈపొద్దే ఇంత మెల్లగనా? టైమైపోతాంది" అని విసుక్కున్నాను.

"పోలీసోళ్లుంటారు పాపా."

"యాడుండారు? ఒగరు గూడా కనపడరు."

"ఉంటారులే ముందర" అన్నాడు, రోడ్డు మీదనుంచి కళ్లు తిప్పకుండా.

మొదటి రోజే నలభై నిమిషాలు ఆలస్యంగా పోయి చీవాట్లు తిన్నాను. ఆ తరువాత చాలాకాలం హాస్టల్లో అందరికీ ఇది నవ్వుతూ చెప్పేదాన్ని, పోలీసులంటే మా నాయనకు ఎంత భయమో చూడండని. వాళ్లూ నవ్వేవాళ్లు. ఏళ్లు గడిచాక ఒకరోజు, ఏ కారణమూ లేకుండా, బస్సులో కూర్చుని ఉన్నప్పుడు అసలు సంగతి నాకు తట్టింది. ఆ దారి తొందరగా అయిపోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది, అంతే. లోపల పొర్లుతున్న దాన్ని ఎలా చెప్పాలో తెలియక పాపం పోలీసుల పేరు చెప్పాడు. ఇప్పుడు నాయన కారు తోలడం మానేశాడు. నేను ఊరికి పోయినప్పుడు స్టీరింగు నాది, పక్క సీటు ఆయనది. ఆ రోజు ఆ సీట్లో గడియారం చూసుకుంటూ రుసరుసలాడిన పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గు కూడా వేస్తుంది. ఇంకో గంట ఆలస్యమైనా ఏమీ కొంపలు మునిగేవి కావు.